చారిత్రక భవనాలలో ఆధునిక కార్యాలయాలు: పునరుద్ధరణకు ముందు పరిశీలించవలసిన అంశాలు

హైదరాబాద్ నగరంలో పలు ప్రభుత్వ కార్యాలయాలు దశాబ్దాల తరబడి నవాబుల కాలంనాటి ప్రాసాదాలలో కొనసాగాయి. బేగంపేటలోని పైగా ప్యాలెస్, ఖైరతాబాద్-పంజగుట్ట మార్గంలోని ఎర్రమంజిల్ ఇందుకు అందరూ ఎరిగిన ఉదాహరణలు. నివాసం కొరకు నిర్మించిన భవనం కార్యాలయంగా మారినప్పుడు దానికి వయస్సు కంటే, లోపలికి చేర్చే బరువు, విద్యుత్ తీగలు, సిమెంటు వల్లనే ఎక్కువ ముప్పు వాటిల్లుతుంది. ఇటువంటి పనులపై వార్తలు రాసే పాత్రికేయులకు, ప్రతిపాదనలను పరిశీలించే అధికారులకు ఉపకరించేందుకు ఈ వివరాలను అందజేయడమైనది.

పైగా ప్యాలెస్‌ను నిర్మించిన సర్ వికారుల్ ఉమ్రా 1893 నుంచి 1901 వరకు నిజాం ప్రభుత్వ ప్రధానమంత్రిగా వ్యవహరించారు. ఫలక్‌నుమా ప్రాసాదం కూడా ఆయన కట్టించినదే. పైగా ప్యాలెస్‌లో తొలుత హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) కార్యాలయం ఉండేది. అనంతరం 2008 అక్టోబరులో అమెరికా కాన్సులేట్ అక్కడ ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి తరలే వరకు కొనసాగింది. పరస్పరం ఏమాత్రం పోలిక లేని రెండు కార్యాలయాలకు ఒకే ప్రాసాదం చోటివ్వగలగడం గమనార్హం.

ఎర్రమంజిల్ చరిత్ర వేరు. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో నిర్మించిన ఈ ప్రాసాదం ఉన్న ప్రదేశాన్ని స్థానికులు ఎర్రగడ్డ అని వ్యవహరించేవారనీ, దానికి దగ్గరగా ధ్వనించే, పారశీకంలో స్వర్గవనాన్ని సూచించే ‘ఇరం’ అన్న మాటను నవాబు ఎంచుకున్నారనీ చెబుతారు. ఇంజినీరింగ్ శాఖల కార్యాలయాలకు నెలవైన ఈ భవనం స్థానంలో నూతన శాసనసభా భవనం నిర్మించాలని 2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించగా, అదే నెల 27న శంకుస్థాపన కూడా జరిగింది. ఆ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరు 16న రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. సరైన మరమ్మతు లేక శిథిలంగా కనిపించే భవనానికి కూల్చివేత ప్రతిపాదన ఎంత సులభంగా వస్తుందో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

అజాగ్రత్త పర్యవసానం ఎలా ఉంటుందో, నష్టపోయిన భవనాన్ని తిరిగి ఎలా నిలబెట్టవచ్చునో తెలుసుకోవడానికి చెన్నైలోని చేపాక్ ప్రాసాదాన్ని మించిన ఉదాహరణ లేదు. 1768లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా కొరకు నిర్మితమైన ఈ ప్రాసాదం 19వ శతాబ్దంలో మద్రాసు ప్రభుత్వ పరమైంది. రెవెన్యూ బోర్డు ఇక్కడే పనిచేసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించే వరకు కోస్తా, రాయలసీమ జిల్లాల భూమి శిస్తు వ్యవహారాలు ఈ బోర్డు పరిధిలోనే ఉండేవి. కనుక ఆ భవనం తెలుగు జిల్లాల పరిపాలనా చరిత్రలో కూడా భాగమే.

ఈ ప్రాసాదంలోని కలస్ మహల్‌లో 2012 జనవరి 16న, సంక్రాంతి సెలవుల సమయంలో, ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. దూలాలు కాలి పైకప్పు కూలింది. మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కార్యాలయ రికార్డులు దగ్ధమయ్యాయి. కాలిపోయిన గోడలను కూల్చివేయడమా, నిలబెట్టడమా అన్న చర్చ కొంతకాలం సాగి, చివరకు పునరుద్ధరణ వైపే తమిళనాడు ప్రభుత్వం మొగ్గింది. ప్రజాపనుల శాఖ సున్నపు పద్ధతులలోనే పని పూర్తి చేయించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం నేడు ఆ భవనంలోనే పనిచేస్తోంది.

కొయ్య దూలాలు, వాటి కింద తరువాతి కాలంలో అమర్చిన ఫాల్స్ సీలింగు, ఆ రెండింటి నడుమ ఎవరి కంటికీ కనబడని తీగలు, కింద కాగితం. పాత భవనాలలోని కార్యాలయాలలో సాధారణంగా కనిపించే ఈ అమరిక అగ్నికి అత్యంత అనుకూలమైనది. ఫాల్స్ సీలింగు పైకప్పులోని చెమ్మను, చెదలను కూడా మరుగుపరుస్తుంది. ఎత్తయిన కప్పు, మందపు గోడల వల్ల సహజంగా లభించే చల్లదనాన్ని హరిస్తుంది. అందుచేత పునరుద్ధరణలో తొలి పని దానిని తొలగించి పైకప్పును కళ్లారా చూడడమే.

తరువాతి ప్రశ్న బరువు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం, ఫైళ్లను వేరుగా భద్రపరిచే కార్యాలయ గదుల అంతస్తుకు చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లు, అనగా సుమారు 250 కిలోల భారాన్ని లెక్కించాలి. రికార్డు గదులకు ఇది 5 కిలోన్యూటన్లు. ఒక చదరపు మీటరు స్థలంలో రెండు మీటర్ల ఎత్తున కాగితాలు కిక్కిరిసి పేర్చితే వెయ్యి కిలోలు దాటగలదు. విందులకు, విశ్రాంతికి కట్టిన మేడ గదులను ఏ లెక్కతోనూ ఇంతటి భారానికి ఉద్దేశించలేదు. రికార్డు గదిని నేల అంతస్తుకు గాని, ఆవరణలో వేరొక నిర్మాణానికి గాని మార్చడం ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ గల చర్య.

గోడల విషయంలో జరిగే పొరపాటు దాదాపు అన్నిచోట్లా ఒకటే. డంగు సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చి తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే నిలిచి, లవణాలు పేరుకుని, కొన్నేళ్లలో పూతతోపాటు ఇటుక పైపొర కూడా రాలుతుంది. సున్నం, ఇసుక, ఇటుక పొడితోపాటు కరక్కాయ, బెల్లపు నీరు కలిపే సంప్రదాయ పద్ధతికి పనివారు, సమయం ఎక్కువ కావాలి. గడువుల ఒత్తిడిలో సున్నపు పనిని సిమెంటుగా మార్చివేయడానికి అవకాశం ఇవ్వరాదు. కేంద్ర ప్రజాపనుల శాఖ 2013లో వెలువరించిన వారసత్వ భవనాల పరిరక్షణ కరదీపిక అంచనాలు రూపొందించే ఇంజినీర్లకు అక్కరకు వస్తుంది.

నెట్‌వర్కు, విద్యుత్ తీగలను గోడలు చెక్కి పూడ్చకుండా గోడ అడుగంచు వెంట గొట్టాలలో నడిపితే, రేపు వాటిని తీసినా భవనానికి మచ్చ ఉండదు. ఏసీ యంత్రాల బయటి భాగాలను గార పని ఉన్న చూరులపై అమర్చరాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 దృష్ట్యా ర్యాంపు, లిఫ్టు తప్పనిసరి అవసరాలు. లిఫ్టును వంపు కప్పును ఛేదించి కాక, వెనుక వైపు విడి కట్టడంగా నిలపడం మేలు. పాత కట్టడాలను సమాజానికి ఉపయోగపడే పనికి వినియోగించడం వాటి రక్షణకు తోడ్పడుతుందనీ, అయితే ఆ వినియోగం గదుల అమరికను, అలంకరణను మార్చరాదనీ 1964 నాటి వెనిస్ ఒడంబడిక కూడా పేర్కొన్నది.

పనులు ముగిసి కార్యాలయం ప్రవేశించిన తరువాత నిర్వహణ బాధ్యత ఎవరిదన్నది ఉత్తర్వులోనే స్పష్టం చేయాలి. ఏటా వర్షాలకు ముందు పైకప్పు నీటి గొట్టాలను శుభ్రపరచడం, గోడ సందులలో మొలిచే రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తొలగించడం ఇందులో ముఖ్యమైనవి.