మోటారు కారులో సంగీతము

ఇంటిలో రేడియో మ్రోగుటకు గోడలోని ప్లగ్గు చాలును. కారులో ఆ సౌకర్యము లేదు. అక్కడ ఉన్నదెల్ల ఒక బ్యాటరీ, దానికి ఎప్పటికప్పుడు విద్యుత్తును నింపు చిన్న డైనమో, వాని ప్రక్కనే నిమిషమునకు కొన్ని వేల మార్లు నిప్పురవ్వ పుట్టించు ఇంజను. కారును నిర్మించినవారు దానిని ప్రయాణమునకై నిర్మించిరి గాని పాటల కొరకు కాదు. అందుచేత పాత కారులో కొత్త స్టీరియోను, దానితో పాటు మంద్రస్వరములకై సబ్ ఊఫర్ అను పెద్ద లౌడ్ స్పీకరును అమర్చబూనిన వారికి నేడు ఎదురగు చిక్కులు చాలవరకు కొత్తవి కావు. తొలినాటి కారు రేడియోలను బిగించినవారు పడిన పాట్లే అవి.

అమెరికాలో క్రమమైన రేడియో ప్రసారములు 1920 లో మొదలైనవి. రెండేండ్లు గడచునప్పటికే, 1922 లో, చికాగోలోని లేన్ ఉన్నత పాఠశాల రేడియో సంఘమునకు అధ్యక్షుడైన జార్జ్ ఫ్రాస్ట్ అను విద్యార్థి ఒక ఫోర్డు మోడల్ టి కారులో రేడియోను అమర్చెను. ఏ కర్మాగారమును దానిని చేసి ఇయ్యలేదు. ఉన్న కారులో తరువాత తెచ్చి పెట్టినదే. కారు సంగీత చరిత్ర ఒక హైస్కూలు విద్యార్థి పనితనముతో ప్రారంభమగుట ముచ్చటైన సంగతి.

అయినను అది వినోదమే గాని వ్యాపారము కాలేదు. వ్యాపారమైనది 1930 లో. చికాగోలో పాల్ గాల్విన్ తన సోదరునితో కలసి 1928 లో ఒక చిన్న కంపెనీని స్థాపించి, ఇంటి రేడియోలను బ్యాటరీలు లేకుండ నడపు పరికరములను తయారు చేయుచుండెను. ఇంటి విద్యుత్తుతోనే నడచు రేడియోలు రాగా ఆ సరకుకు గిరాకి తగ్గెను. ఆపై ఆర్థిక మాంద్యము వచ్చి పడెను. కంపెనీ నిలుచునా, మునుగునా అను స్థితిలో గాల్విన్ తన స్టూడిబేకర్ కారులో ఒక రేడియోను బిగించి, చికాగో నుండి అట్లాంటిక్ సిటీకి, అనగా సుమారు 800 మైళ్ళు, నడపుకొని పోయెను. అక్కడ రేడియో తయారీదారుల సమావేశము జరుగుచుండెను. లోపల దుకాణము పెట్టుటకు డబ్బు లేదు. కారును బయట నిలిపి, వచ్చిపోవువారికి పాట వినిపించి ఆర్డర్లు సంపాదించెను. ఆ రేడియోకు ఆయన పెట్టిన పేరు మోటరోలా. 1947 లో కంపెనీ పేరే మోటరోలాగా మారెను.

దాని వెల రమారమి 110 డాలర్లు. ఐదారు వందల డాలర్లకు కొత్త కారు వచ్చు దినములవి. వెల ఒక ఎత్తు, బిగింపు ఒక ఎత్తు. డాష్ బోర్డులో చోటు లేదు. రేడియో పెట్టెను దాని క్రింద వ్రేలాడదీయవలెను. బ్యాటరీల కొరకు కారు నేలపలకను కోయవలెను. ఏరియల్ తీగను పైకప్పు గుడ్డలో దాచవలెను. అప్పు కోరబోయిన గాల్విన్ ఒక బ్యాంకు అధికారి కారులో రేడియో పెట్టించెననియు, అరగంటలో ఆ కారు అంటుకొనెననియు, అప్పు పుట్టలేదనియు ఒక కథ చెప్పుదురు. కథలో నిజమెంతయైనను, కారులో అదనపు తీగలు లాగువారు దానిని మరువకుండుట మంచిది.

రేడియోకు ఇంజనుతో వైరము స్వభావసిద్ధము. మార్కోనీ 1901 లో అట్లాంటిక్ సముద్రము మీదుగా సంకేతము పంపినది విద్యుత్తు నిప్పురవ్వల సాయముననే గదా! కారు ఇంజనులోని ప్రతి స్పార్కు ప్లగ్గును అట్టిదే ఒక చిన్న ప్రసార కేంద్రము. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 మార్లు తిరిగినచో, చుట్టునకు రెండు రవ్వల చొప్పున, సెకనుకు 100 రవ్వలు పుట్టును. రేడియోలో అవి టపటపమని వినబడి పాటను మ్రింగివేయును. ప్లగ్గు తీగలలో వేలకొలది ఓముల నిరోధకములను చేర్చి ఆ రవ్వల ఉధృతిని తగ్గించిరి. డైనమో వద్ద కండెన్సర్లను పెట్టిరి. రేడియోను లోహపు పెట్టెలో మూసిరి. నేటికిని స్టీరియో తీగలను ఇంజను తీగలకు దూరముగా లాగుటకు కారణమిదే.

రెండవ చిక్కు వోల్టేజిది. నాటి అమెరికా కార్లలో బ్యాటరీ 6 వోల్టులది. రేడియో వాల్వులకో 200 వోల్టులకు అటు ఇటుగా కావలెను. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని పెంచును గాని ఏకముఖ విద్యుత్తుతో పనిచేయదు. అందుచేత 1930 దశకపు తొలి సంవత్సరములలో వైబ్రేటరు వచ్చెను. అందులో ఒక ఉక్కు నాలుక సెకనుకు సుమారు 115 మార్లు కొట్టుకొనుచు విద్యుత్తును తెంచి కలుపుచుండును. అట్లు తెగిన ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు పెంచును. దానిని మరల ఏకముఖముగా మార్చుకొందురు. ఆ కాలపు కారు రేడియో పెట్టగనే వినవచ్చు సన్నని జుమ్మను ధ్వని ఈ నాలుకదే.

ఇంతలో మరొక ఆటంకము. నడపువాని చెవి పాటపై నున్నచో కన్ను రోడ్డుపై నుండునా అను సందేహముతో, మసాచుసెట్స్ రాష్ట్రమునను సెయింట్ లూయిస్ నగరమునను కారు రేడియోను నిషేధింపవలెనను ప్రతిపాదనలు వచ్చెను. రేడియో నిలిచినది గాని ఆ సందేహము పూర్తిగా తీరలేదు.

1955 లో ఫిల్కో, క్రైస్లర్ కంపెనీలు వాల్వులు లేని, ట్రాన్సిస్టర్లతోనే నడచు కారు రేడియోను ప్రకటించెను. ట్రాన్సిస్టరుకు 12 వోల్టులు చాలును. వైబ్రేటరుతో పని తప్పినది. ఆ మరుసటి ఏడాదియే క్రైస్లర్ కార్లలో గ్రామఫోను కూడ పెట్టిరి. ఎల్.పి. రికార్డు రూపకల్పనలో పేరొందిన పీటర్ గోల్డ్‌మార్క్ దానిని రూపొందించెను. గతుకుల రోడ్డుపై సూది ముచ్చట చెప్పనక్కరలేదు. అది ఎక్కువ కాలము సాగలేదు. 1965 లో ఫోర్డు కార్లలో ఎనిమిది జాడల టేపు పెట్టె రాగా, కారులో స్టీరియో స్థిరపడెను. ఫిలిప్స్ కంపెనీ 1963 లో వెలువరించిన చిన్న కాసెట్టు పిమ్మట దానిని కూడ వెనుకకు నెట్టెను.

ట్రాన్సిస్టరు వోల్టేజి చిక్కును తీర్చినట్లే తీర్చి, మరల తెచ్చి పెట్టెను. ఒక చిన్న లెక్క చూడుడు. నడచుచున్న కారులో సుమారు 14 వోల్టులుండును. సాధారణ ఆంప్లిఫయరులో లౌడ్ స్పీకరు వోల్టేజి దానిలో సగము పైకి, సగము క్రిందికి, అనగా 7 వోల్టుల వరకే ఊగగలదు. సామర్థ్యము కావలెనన్నచో గరిష్ఠ వోల్టేజి వర్గమును నిరోధమునకు రెట్టింపుతో భాగింపవలెను. స్పీకరు 4 ఓములదైనచో 49 ని 8 తో భాగింపగా 6 వాట్లు. రెండు ఆంప్లిఫయర్లను ఎదురెదురుగా కలిపినచో 14 వోల్టుల ఊపు వచ్చి 24.5 వాట్లు. అంతకు మించి ఎంత ఖరీదైన ట్రాన్సిస్టరును తెచ్చినను ఆ 14 వోల్టులతో రాదు.

కావున మరల పాత ఉపాయమే. ఫీనిక్స్ నగరమునకు చెందిన జిమ్ ఫాస్‌గేట్ మొదలగువారు 1970 దశకము నుండి కార్ల కొరకు పెద్ద ఆంప్లిఫయర్లను తయారు చేసిరి. ఇట్టి పెట్టెలలో ట్రాన్సిస్టర్లే విద్యుత్తును సెకనుకు వేల మార్లు తెంచి కలుపుచు, వోల్టేజిని పెంచుచుండును. ఉక్కు నాలుక పోయి ట్రాన్సిస్టరు వచ్చినది, అంతే. వోల్టేజి 40 కి చేరినచో పై లెక్క ప్రకారము 200 వాట్లు లభించును.

ఇన్ని వాట్లు ఎందుకని అడుగవచ్చును. మంద్రస్వరము గాలిని ఎక్కువగా త్రోయవలెను. ధ్వని తీవ్రత తగ్గకుండ స్వరము ఒక స్థాయి దిగవలెనన్నచో, అనగా పౌనఃపున్యము సగము కావలెనన్నచో, నాలుగింతల గాలి కదలవలెను. 120 నుండి 30 కి దిగినచో పదునారింతలు. పైగా చక్రముల రొద, ఇంజను రొద మంద్రస్థాయివే గావున ముందుగా మరుగుపడునవి ఆ స్వరములే. ఒక్క విషయమున కారు అనుకూలము. 40 పౌనఃపున్యము గల ధ్వని తరంగదైర్ఘ్యము 8.5 మీటర్లు, కారు లోపలి పొడవు అందులో మూడవ వంతే. కాబట్టి తరంగము అటు ఇటు సాగుటకు బదులు లోపలి గాలి అంతయు ఒక్కసారిగా నొక్కబడి, మంద్రము బలపడును. స్పీకరు వెనుక వెడలు ధ్వని ముందు ధ్వనిని రద్దుచేయకుండ పెట్టెలో మూయవలెను. చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడవచ్చునని ఎడ్గార్ విల్చర్ 1954 లో నిరూపించెను. పెట్టె కొలతలను లెక్కగట్టు పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961 లోను, తరువాత రిచర్డ్ స్మాల్ 1970 దశకములోను చక్కపరచిరి. అయితే మూసిన కారులో చెవులు కూడ ఉండును. 85 డెసిబెల్లులు దాటిన రొదను గంటలకొలది వినుట వినికిడికి హాని.

ఇక పాత కారు సంగతి. 1950 దశకమున అనేక బ్రిటిషు కార్లలో ఉన్న లూకాస్ సి 40 డైనమో 22 ఆంపియర్లకు మించి ఈయలేదు. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసడరుకు మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డు ఆ కాలపు బండియే. 200 వాట్ల ధ్వనికి, దక్షత నూటికి 60 అనుకొన్నచో, 333 వాట్లు, అనగా దాదాపు 24 ఆంపియర్లు కావలెను. దీపములకు ఏమి మిగులును? సంగీతము ఎల్లవేళల పూర్తి బలముతో సాగదు గావున బ్యాటరీ కొంత ఆదుకొనును. కాని ఆ అప్పును డైనమోయే తీర్చవలెను. 1960 లో క్రైస్లర్ వాలియంట్ కారుతో ఆల్టర్నేటర్లు వాడుకలోనికి రాగా ఈ ఇబ్బంది క్రమముగా తగ్గెను. తీగ సన్నమైనచో మరొక ప్రమాదము. తీగ నిరోధము 0.05 ఓములే అయినను, 24 ఆంపియర్లకు దాదాపు 29 వాట్ల వేడి పుట్టును. ఫ్యూజు బ్యాటరీకి చేరువనే ఉండవలెననుట ఇందుకే. అది కాపాడవలసినది స్టీరియోను కాదు, తీగను.

పాత బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువము కారు లోహపు చట్రమునకు తగిలించి యుండును. నేటి స్టీరియో పెట్టెకు ఋణధ్రువము తగిలి యుండును. చూచుకొనక బిగించినచో పెట్టె చట్రమును తాకిన క్షణమున రెండు ధ్రువములు నేరుగా కలసికొనును. పాత కార్లను బాగుచేయువారు ముందు బ్యాటరీ తీగలను తారుమారు చేసి, డైనమో క్షేత్రపు తీగకు క్షణకాలము విద్యుత్తు తగిలించి దాని అయస్కాంత ధ్రువములను మార్చి, ఇగ్నిషన్ కాయిల్ తీగలను, ఆమ్మీటరు తీగలను కూడ మార్చి, ఆ పిమ్మటనే స్టీరియోను చేత పట్టుదురు.