ఫుగాజీ

ఫుగాజీ అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు చెందిన రాక్ బృందం. 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. అమెరికాలోని 50 రాష్ట్రాలతో పాటు యూరప్, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల్లోనూ వాయించింది. ఈ బృందానికి మేనేజరు లేడు, బుకింగ్ ఏజెంటు లేడు, పెద్ద రికార్డు కంపెనీ అండ అసలే లేదు. ఇయన్ మెకాయ్, గై పిచోటో పాడుతూ గిటారు వాయించేవారు. జో లాలీ బేస్ గిటారు, బ్రెండన్ కాంటీ డ్రమ్స్ వాయించేవారు.

ఈ కథకు పునాది 1980లోనే పడింది. మెకాయ్ అప్పుడు టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల పంక్ రాక్ బృందంలో ఉన్నాడు. ఆ బృందం విడిపోయేనాటికి కచేరీల మీద వచ్చిన డబ్బులో సుమారు 600 డాలర్లు మిగిలాయి. వాటిని పంచుకోకుండా తమ పాటలను రికార్డుగా తెచ్చారు. అందుకోసం మెకాయ్, అదే బృందంలోని జెఫ్ నెల్సన్ తదితరులు పెట్టిన సంస్థే డిస్కార్డ్ రికార్డ్స్. రికార్డు అట్టసంచి ఎలా తయారవుతుందో వారికి తెలియదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక చిన్న రికార్డు సంచి అతుకులు విప్పి, పరిచి, దాని ఆకారం గీసుకున్నారు. అచ్చయి వచ్చిన అట్టలను కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. మెకాయ్ తర్వాతి బృందం మైనర్ థ్రెట్ రికార్డులూ డిస్కార్డ్ నుంచే వచ్చాయి. వాషింగ్టన్ పొలిమేరలోని ఆర్లింగ్టన్‌లో మిత్రులు అద్దెకు తీసుకున్న ఇల్లే డిస్కార్డ్‌కు ఆఫీసయింది. బృందాలతో రాతపూర్వక ఒప్పందాలు ఉండేవి కావు. నోటిమాట మీదే లాభాలు పంచుకునేవారు.

ఫుగాజీ తొలి కచేరీ 1987 సెప్టెంబరు 3న వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్‌లో జరిగింది. అప్పటికి వారు ముగ్గురే. పిచోటో కొద్ది నెలల తర్వాత చేరాడు. మొదట పాడడం వరకే అతని పని. గిటారు తర్వాత పట్టాడు.

ఆ తరువాతి ఎదుగుదలంతా రోడ్డు మీదే. ఊరూరికీ ఫోన్ చేసి కచేరీలు కుదుర్చుకునే పని మెకాయ్‌ది. వాద్యాలు ఎక్కించుకున్న వ్యానులో తిరిగేవారు. తొలి రోజుల్లో రాత్రిళ్లు హోటళ్లలో కాక ఆ ఊరి అభిమానుల ఇళ్లలో నేల మీద పడుకునేవారు. టికెట్టు ధర 5 డాలర్లు దాటకూడదన్నది చాలాకాలం వారి మొదటి షరతు. ఎంత వయసువారినైనా లోపలికి రానివ్వాలన్నది రెండో షరతు. మద్యం అమ్మే క్లబ్బుల్లో మైనర్లను గుమ్మం దగ్గరే ఆపేసే రోజుల్లో ఇది చిన్న షరతు కాదు. దానికి ఒప్పుకోని చోట వాయించేవారు కాదు; చర్చి హాళ్లు, కమ్యూనిటీ సెంటర్లు వెతుక్కునేవారు. ఇదంతా వైరాగ్యం అనుకుంటే బృందం అసలు తెలివి అర్థం కాదు. కమీషన్లు, హోటలు బిల్లులు లేవు కాబట్టి అంత తక్కువ టికెట్టుతోనూ డబ్బు మిగిలేది. ఖర్చు తమ చేతిలో ఉంది కాబట్టే ఎవరికైనా కాదని చెప్పగలిగారు.

కచేరీల్లో తోసుకుంటూ, జనం తలల మీదికి దూకుతూ ఇతరులను గాయపరిచేవాళ్లు ఉండేవారు. ఫుగాజీ పాట మధ్యలో ఆపి మర్యాదగానే హెచ్చరించేది. వినకపోతే ఆ మనిషిని బయటికి పంపేవారు, కవరులో పెట్టిన 5 డాలర్లు చేతికిచ్చి మరీ. చిన్నపిల్లలు, ఆడపిల్లలు వేదిక ముందు నిలబడి నిర్భయంగా పాట వినగలగాలన్నది వారి పట్టుదల. రాక్ చరిత్రలో ఇంతకంటే గౌరవించదగ్గ అలవాటు అరుదు.

రికార్డింగులకు ఇల్లు లాంటిది ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియో. తొలినాళ్లలో అది ఆయన ఇంటి సెల్లార్‌లోనే ఉండేది. ఏడు పాటల తొలి రికార్డు 1988లో అక్కడే తయారైంది. అదే ఏడాది చివర సుదీర్ఘమైన యూరప్ పర్యటన ముగించుకుని, లండన్‌లో రికార్డింగ్ ఇంజనీరు జాన్ లోడర్ దగ్గర పూర్తి ఆల్బమ్ చేద్దామని కూర్చున్నారు. అప్పటికే ఒళ్లు అలిసిపోయింది. ఆరు పాటలే పనికొచ్చాయి. అవి 'మార్జిన్ వాకర్'గా వచ్చాయి. రెండు రికార్డులూ కలిపినదే '13 సాంగ్స్'. తొలి పూర్తి ఆల్బమ్ 'రిపీటర్' 1990లో వచ్చింది. ఇక కచేరీలకు వస్తే, పాటల జాబితా ముందుగా రాసుకునేవారు కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకునేవారు. ఏళ్ల తరబడి కలిసి తిరిగితే తప్ప అబ్బని విద్య అది.

1992లో షికాగో వెళ్లి రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బీనీతో ఒక ఆల్బమ్ మొత్తం రికార్డు చేశారు. తీరిగ్గా విన్నాక అది బృందానికీ నచ్చలేదు, అల్బీనీకీ నచ్చలేదు. పక్కన పెట్టి, ఇన్నర్ ఇయర్‌లో నిర్మాత టెడ్ నైస్లీతో మళ్లీ మొదలుపెట్టారు. అలా 1993లో వచ్చిన 'ఇన్ ఆన్ ద కిల్ టేకర్' అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ 200లో చోటు సంపాదించింది. నిర్వాణా అనే రాక్ బృందం విజయం తర్వాత పెద్ద కంపెనీలు పంక్ బృందాల కోసం ఎగబడుతున్న సమయమది. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి అడిగినా ఫుగాజీ డిస్కార్డ్‌ను వదల్లేదు. టీషర్టులు అమ్మలేదు. మద్యం, సిగరెట్ల ప్రకటనలు వేసే పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వలేదు.

సొంత ఊరిలో కచేరీలు దాదాపు అన్నీ ఉచితంగానో, ఏదో ఒక సేవా కార్యక్రమం కోసమో చేసినవే. గల్ఫ్ యుద్ధం ముంచుకొస్తున్న 1991 జనవరిలో శ్వేతసౌధం ఎదుట పార్కులో చలిలో నిలబడి యుద్ధ వ్యతిరేక కచేరీ చేశారు.

చివరి ఆల్బమ్ 'ది ఆర్గ్యుమెంట్' 2001లో వచ్చింది. 2002 నవంబరులో లండన్‌లో ఆఖరుసారిగా వాయించారు. కుటుంబ బాధ్యతలు పెరిగాయి. విడిపోతున్నామని ప్రకటించకుండానే విరామం తీసుకున్నారు. ఏళ్ల తరబడి సౌండ్ ఇంజనీర్లు టేపుల్లో పట్టి దాచిన వందలాది కచేరీలను 2011 నుంచి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. బాగా కుదిరినవే ఏరి పెట్టలేదు. గిటారు తీగ తెగినవి, శ్రుతి తప్పినవి, జనంతో వాదనలు జరిగినవి కూడా అందులో ఉన్నాయి.