చిత్రకారుని ఇష్టం

క్రీ.శ. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్తులోని తమ వర్తకస్థానానికి ఒక లేఖ వ్రాసినారు. అంతవరకు సూరత్తు నుండి ఓడ కెక్కిన చిత్రపు దుప్పట్లలో చాలవాటికి నేల ముదురు ఎరుపు. అది కొనేవారందరికీ రుచించలేదు. ఇకమీదట పంపే దుప్పట్లలో తెల్లని నేల ఎక్కువగా కనబడాలని, నడుమ పూలూ కొమ్మలూ రంగులలో రావాలని ఆ లేఖ కోరినది. ఆ పూలకొమ్మలు ఎట్లా ఉండాలన్నది మాత్రం చిత్రకారుని ఇష్టానికి విడిచిపెట్టినది.

బేరసారాల ఉత్తరంలో ఇంతమాత్రపు సడలింపైనా విశేషమే. నేల రంగు కొనేవానిది, కొమ్మ వంపు వ్రాసేవానిది. బట్టకు బొమ్మ వ్రాసే మనిషి బ్రతుకంతా ఈ రెంటి నడుమనే గడిచినది. కాగితం మీద నీటిరంగులతో వ్రాసేవాడు మూలను సంతకం చేసి తన పేరు నిలుపుకోగలడు. ఒంటి మీదికి పోయే బట్టను చిత్రించేవానికి ఆ వాడుక ఏర్పడలేదు.

సూరత్తు పడమటి తీరపు రేవు. మచిలీపట్నం తూర్పు తీరపు రేవు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరి, ఆ వెంటనే సూరత్తులోనూ కాలూనినారు. రెండు చోట్లా వారికి కావలసినది బట్టయే. గుజరాతులో చెక్క అచ్చులతో అద్దడం ప్రధానమైన పద్ధతి. తెలుగు తీరాన వెదురు కలంతో వ్రాయడం పేరు పొందినది. చిత్రకారుడనదగినవాడు ఈ కలం పట్టినవాడే. అతని పని పైకి నీటిరంగు చిత్రలేఖనం వలె కనబడుతుంది గాని, నిజానికి దానికి సరిగా తలక్రిందులు.

కాగితం మీద వ్రాసేవాడు ఏ రంగు పెడితే ఆ రంగు అక్కడ కనబడుతుంది. కలంకారి పనివాడు పెట్టేది రంగు కాదు, రంగు వచ్చి కూర్చోవలసిన చోటు. మొదట బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వలన కలపు నీరు అటూ ఇటూ ప్రాకదు. చింతబరిక బొగ్గుతో రూపు గీస్తారు. బెల్లపు నీటిలో ఇనుపముక్కలు కొన్నాళ్ళు నానవేసిన కసీం అనే ద్రవంతో గీతలు దిద్దితే, కరక్కాయతో కలిసి అవి నల్లబడతాయి. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూస్తారు. పటికకు తనదైన రంగు లేదు. ఎక్కడ పూసినదీ తెలియడానికి, తరువాత కడిగితే పోయే రంగు కొంచెం అందులో కలుపుకొంటారు. పిదప చిరివేరుతో బట్టను ఉడికిస్తే పటిక ఉన్న మేర ఎరుపు పట్టుకొని, లేనిచోట కడుగుడుకు వదలిపోతుంది. పూర్వం నీలిమందు తొట్టిలో ముంచేటప్పుడు నీలం అక్కరలేని భాగమంతా మైనంతో కప్పేవారు. పసుపు ఆఖరున వస్తుంది. నీలం మీద పడితే ఆకుపచ్చ అవుతుంది. ఒక్కొక్క దశకూ పారే నీటిలో ఉతుకు. ఇన్ని ఉడుకులకూ ఉతుకులకూ ముందే పూర్తి చిత్రం పనివాని తలలో ఉండాలి. చెరిపి దిద్దుకోవడం ఇందులో లేదు.

ఈ రహస్యాన్ని ఐరోపాకు చేర్చినవారిలో కెర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి ఒకడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికాన్ని ముందుగా గుర్తించినవారిలో ఒకనిగా అతడు భాషాశాస్త్రజ్ఞులకు పరిచితుడే. ఈ తీరపు అద్దకపువారి వద్ద విని, పని అంతా 1742లో లేఖ రూపంగా వ్రాసి పంపినాడు. అతని పేరు చరిత్రలో నిలిచినది. అతనికి చెప్పినవారి పేర్లు మనకు తెలియవు.

అప్పటికే ఐరోపాలో ఈ బట్టల మోజును అక్కడి నేతగాండ్రు సహించలేక కలత పడినారు. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించినది. ఇంగ్లండు 1701 నుండి దిగుమతిని అడ్డగించి, 1721 చట్టంతో ధరించడాన్ని కూడ చాలవరకు మాన్పించినది. తరువాత యంత్రపు అచ్చు వచ్చి మిగిలినదానిని దెబ్బతీసినది.

శ్రీకాళహస్తిలో మాత్రం కలం పూర్తిగా ఆగలేదు. అక్కడిది గుడి తెరల పని; రామాయణ భారత కథలు గళ్ళు గళ్ళుగా, క్రింద తెలుగు అక్షరాలతో. ఇరువదవ శతాబ్ది నడుమకు అదీ క్షీణించినది. కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో అక్కడ శిక్షణకేంద్రం ఏర్పడినది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో గురువు. ఆయన కుమారుడు గురప్పచెట్టి 1937లో జన్మించినాడు. తండ్రి వద్దనే కలం పట్టినాడు. బడిపంతులుగా జీవిస్తూనే ఈ పనిని విడువలేదు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 

ఈలోగా తెర చీరగా మారినది. ఇది చిన్న మార్పు కాదు. తెర గోడ మీద చదునుగా నిలుస్తుంది. చీర మడత పడుతుంది, కుచ్చిళ్ళలో దాగుతుంది, భుజం మీదుగా వ్రేలాడుతుంది. వరుసగా చదువవలసిన కథ కుచ్చిళ్ళలో ముక్కలైపోతుంది. అందుచేత మనుష్యరూపం కొంగుకు చేరినది. ఒడలంతా లతలు, పక్షులు నిండినవి. చిత్రకారుడు ఇక్కడ కట్టుకొనే మనిషి నడకను కూడ లెక్కలో వేసుకోవలసి వచ్చినది.

సూరత్తులో ఈ పనికి వేరొక రూపం ఏర్పడినది. నగరంలోని నవాగామ్, లింబాయత్ పరిసరాలు మరమగ్గాల చుట్టూ పెరిగిన శ్రామికవాడలు. తెలంగాణ నుండి వలసవెళ్ళిన పద్మశాలీలు ఆ నగరంలో ఎందరో ఉన్నారు. వారి పిల్లలకై అక్కడి నగరపాలక సంస్థ తెలుగు బడులు నడిపినది. అక్కడి అచ్చుచీర మొదట పుట్టినది కాగితం మీద, నీటిలో కలిపే చిక్కని రంగులతో. నమూనా పైఅంచు క్రిందిఅంచుతో, ఎడమ కుడితో అతుకు తెలియకుండ కలియాలి. ఒక్కొక్క రంగునూ విడదీసి ఒక్కొక్క పొర మీదికి ఎత్తి, దానికొక తెర కడతారు. రంగు పెరిగితే తెర పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ఎన్ని రంగులో వర్తకుడే నిర్ణయిస్తాడు. నేల కూడ తరచు అతడు చెప్పినదే. చిత్రకారునికి మిగిలేది మళ్ళీ ఆ కొమ్మ వంపే. కంప్యూటరు వచ్చిన పిదప కుంచె పని చాలవరకు తెర మీది గీతకు మారినది గాని ఈ పంపకం మారలేదు. తెరలు సిద్ధమైన తరువాత ఆ కాగితంతో ఎవరికీ పని ఉండదు; వచ్చే పండుగకు కొత్త నమూనా కావాలని వర్తకుడు అప్పటికే కబురు పంపి ఉంటాడు.