4.3 'మరియు': ఒక సముచ్చయ పదం చరిత్ర

ఇంగ్లీషు 'అండ్' పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఉన్న పదం. జర్మన్ 'ఉండ్' దానికి సోదర పదం. అది పదాలనూ వాక్యాలనూ కలుపుతుంది. దానికి సమానార్థకంగా నేడు మనం 'మరియు' రాస్తున్నాం. మరి ఇది ఇంగ్లీషు కోసం పుట్టిన మాటేనా?

కాదు. వరంగల్ ప్రాంతపు బమ్మెరకు చెందిన 15వ శతాబ్ది కవి పోతన భాగవతాన్ని పరిశీలించండి. అందులో అనేక వచనాలు 'మఱియు' అనే మొదలవుతాయి. 'మఱి'కి సముచ్చయార్థకమైన 'ఉ' చేరగా ఏర్పడిన ఈ పదానికి అక్కడ 'అంతేకాక', 'ఇంకా' అని అర్థం. చెప్పిన విషయానికి మరో విషయాన్ని జోడించడం దాని పని.

రెండు పేర్లను కలపడానికి తెలుగుకు వేరే పద్ధతి ఉంది. గ్రాంథికంలో 'రాముడును లక్ష్మణుడును' అంటారు. వాడుకలో చివరి అచ్చును సాగదీసి 'రాముడూ లక్ష్మణుడూ' అంటాం. ఇంగ్లీషులో కలిపే మాట మధ్యలో ఒక్కసారే వస్తుంది. తెలుగులో కలిపే గుర్తు ప్రతి పదం చివరా వస్తుంది.

చట్టాలు, ప్రకటనలు, సంస్థల పేర్లు అనువదించేటప్పుడు 'అండ్' ఉన్నచోటల్లా 'మరియు' పెట్టడం అలవాటైంది. హనుమకొండ సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల పేరును 'కళలు, విజ్ఞాన శాస్త్రాల కళాశాల' అన్నా అర్థం చెడదు.

కాబట్టి పదం పాతది; రెండు నామాల మధ్య దాని విరివి వాడకం కొత్తది. 'మరియు' కనిపించినంత మాత్రాన ఒక పత్రం ఆధునికమని నిర్ణయించకండి. అది వాక్యంలో ఏ స్థానంలో, ఏ అర్థంలో ఉందో చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ప్రభుత్వ ప్రకటనలో 'మరియు' ఉన్న మూడు వాక్యాలను గుర్తించి, ఆ పదం లేకుండా తిరిగి రాయండి.