పోనీ, మార్ష్‌మెలోలైనా!

1977వ సంవత్సరం. జపాన్‌లోని క్యూషూ దీవి, ఫుకుఓకా నగరం. ఆ ఊళ్ళో హకాతా అనే పాత పేట ఉంది. అక్కడ 1905 నుంచీ మిఠాయిలు చేస్తున్న ఇషిమురా మన్సెయ్‌దో సంస్థకు చెందినవాడు ఇషిమురా జెంగో. వ్యాపారం పెట్టిన కుటుంబంలో మూడో తరం మనిషి. కొత్త మిఠాయికి ఏదైనా ఆలోచన తడుతుందేమోనని ఆయన ఆడవాళ్ళ పత్రిక ఒకటి తిరగేస్తున్నాడు. పాఠకుల ఉత్తరం ఒకటి కంటబడింది.

ఎవరో అమ్మాయి రాసింది. వాలెంటైన్స్ డే నాడు మేం మగవాళ్ళకు చాక్లెట్లు ఇస్తున్నాం, వాళ్ళేమో మాకు తిరిగి ఏమీ ఇవ్వరు, ఇదెక్కడి న్యాయం అని ఆమె నిలదీసింది. ఒక చేతిరుమాలో, నాలుగు చప్పరించే బిళ్ళలో, పోనీ మార్ష్‌మెలోలైనా ఇవ్వచ్చు కదా అంది.

జెంగో ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాడు. పోనీ ఏమిటి? మార్ష్‌మెలో అంత తీసిపోయిందా?

ఆ మాట ఆయనకు ఎందుకు గుచ్చుకుందో తెలియాలంటే ఆ ఇంటి మిఠాయి సంగతి చెప్పాలి. హకాతాలో కెయ్‌రాన్ సోమెన్ అనే పాతకాలపు తీపి ఉంది. పోర్చుగీసు వర్తకుల వెంట జపాన్‌కు వచ్చిన పద్ధతి అది. మరుగుతున్న పంచదార పాకంలోకి గుడ్డు పచ్చసొనను సన్నటి ధారగా వదులుతారు. అది దారాల్లా ఉడికి, బంగారు రంగు సేమ్యా పోగుల్లా పైకి తేలుతుంది. దీనికి పచ్చసొన ఒక్కటే కావాలి. మరి తెల్లసొన? బోలెడంత మిగిలిపోయేది. సంస్థ స్థాపకుడు ఇషిమురా జెంతారోకి దాన్ని పారబోయడానికి మనసొప్పలేదు. గిలక్కొట్టి, నురుగు తెప్పించి, మార్ష్‌మెలోగా మార్చాడు. అందులో చిక్కుడు గింజల పచ్చటి తీపి ముద్ద పెట్టి చుట్టాడు. పైన తెలుపు, లోపల పసుపు, పెట్టె కూడా గుడ్డు ఆకారంలోనే. దాని పేరు త్సురునోకో. హకాతా వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ కొని తెచ్చుకునే మిఠాయి. వృథా పోయేదాన్ని గౌరవంగా నిలబెట్టిన ఇంట్లో పెరిగిన మనిషికి, మార్ష్‌మెలోను ఎవరో వరసలో చిట్టచివర నిలబెడితే ఊరికే పోతుందా?

నిజానికి ఆ వాలెంటైన్స్ డే కూడా జపాన్‌లో మిఠాయి వ్యాపారులు పెంచి పెద్దచేసిన పండగే. 1936లోనే కోబె నగరానికి చెందిన మొరొజోఫ్ కంపెనీ ఒక ఇంగ్లిష్ పత్రికలో చాక్లెట్ల ప్రకటన వేసింది. 1958లో మేరీ చాక్లెట్ కంపెనీ తోక్యోలోని ఇసెతాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్లో మూడు రోజులు బల్ల వేసుకుని కూర్చుంది. వచ్చింది 170 యెన్‌లు! మరుసటి ఏడాది గుండె ఆకారపు చాక్లెట్లు చేసి, ఏడాదికి ఒక్కరోజైనా ఆడపిల్లలే మనసు విప్పి చెప్పాలని ప్రచారం మొదలుపెట్టింది. నోరు తెరిచి ప్రేమను చెప్పడం ఆడవాళ్ళకు తగదనుకునే రోజులవి. ఆ మాట వాళ్ళకు ధైర్యమిచ్చింది. 1970ల నాటికి బడిపిల్లల నుంచి ఆఫీసు అమ్మాయిల దాకా ఫిబ్రవరి 14న చాక్లెట్ పొట్లాలు పట్టుకున్నారు.

నన్నడిగితే ఈ మొత్తం కథలో పెద్ద మనిషి ఆ ఉత్తరం రాసిన అమ్మాయే. ఆమెకు కావలసింది చేతిరుమాలు కాదు. అంత ధైర్యం చేసి చాక్లెట్ చేతిలో పెట్టాక, అవతలివాడు తినేసి మర్నాడు ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటే, అవునని అర్థమా, కాదని అర్థమా? పెళ్ళికీ చావుకీ, ఊరి నుంచి వచ్చినా, కొత్త ఇల్లు కట్టినా, అందుకున్న దానికి తిరిగి ఇవ్వడం జపాన్ వాళ్ళ నిత్యజీవితంలో భాగం. మన చదివింపుల పుస్తకం లాగే ఎవరేమిచ్చారో రాసి పెట్టుకుంటారు. వచ్చిన దానిలో దాదాపు సగం విలువైనది తిరిగి పంపడం చాలా సందర్భాల్లో మర్యాద. అలాంటి దేశంలో, ప్రేమతో ఇచ్చిన చాక్లెట్‌కే జవాబు లేకపోవడం ఆమెకు అవమానంగా తోచింది. ఆ కోపం న్యాయమైనదే.

జెంగో తన సంస్థలోని అమ్మాయిలను కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఆ మాటల్లోంచే మిఠాయి రూపం తేలింది. మార్ష్‌మెలో లోపల చాక్లెట్ పెట్టాలి. నువ్విచ్చిన చాక్లెట్‌ను నా మెత్తటి మనసుతో చుట్టి నీకే తిరిగి ఇస్తున్నానని అబ్బాయి చెప్పినట్టు ఉండాలి. తెల్లటి పైపొర పళ్ళకింద అణగగానే లోపలి చాక్లెట్ నాలుకకు తగులుతుంది.

ఇక తేదీ. ఫుకుఓకాలోని ఇవతాయా డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్ళను సంప్రదిస్తే, పెద్ద అమ్మకాలేవీ లేక ఖాళీగా ఉండే మార్చి 14 బాగుంటుందన్నారు. సరిగ్గా నెల. 1978 మార్చి 14న మొదటి మార్ష్‌మెలో డే జరిగింది. చప్పరించే బిళ్ళల తయారీదారుల సంఘం కూడా ఇలాంటి ఆలోచనే చేసి, 1980లో అదే తేదీన దేశమంతా వైట్ డే మొదలుపెట్టింది. తర్వాత అది దక్షిణ కొరియాకూ తైవాన్‌కూ పాకింది.

సరుకు ఖాళీ చేసుకోవడానికి వ్యాపారులు పన్నిన ఎత్తు అని దీన్ని కొట్టిపారేసేవాళ్ళున్నారు. వ్యాపారమే, కాదనను. కానీ క్యాలెండర్‌లో జవాబుకు ఒక తేదీ పడ్డాక, నాకేం తెలీదన్నట్టు తిరగడం అబ్బాయిలకు అంత సులువు కాలేదు. ఆ అమ్మాయి కోరుకున్నది అదేగా!

చిక్కు ఇంకోచోట వచ్చింది. మనసిచ్చినవాడికి ఇచ్చే హోన్మెయ్ చాక్లెట్ పక్కనే, పై అధికారికీ తోటి ఉద్యోగులకూ మొహమాటానికి ఇచ్చే గిరి చాక్లెట్ పెరిగింది. మార్చి వచ్చేసరికి మగవాళ్ళు అందరికీ బాకీ తీర్చాలి. దానికి తోడు, అందుకున్న దానికి మూడు రెట్లు ఇవ్వాలన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ప్రేమ జవాబు కాస్తా ఏటా కట్టాల్సిన బిల్లు అయింది. 2018 ఫిబ్రవరి 1న గొడైవా చాక్లెట్ కంపెనీయే జపాన్ ఆర్థిక దినపత్రిక నిక్కెయ్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి, ఈ గిరి చాక్లెట్లు మానేద్దామని పిలుపునిచ్చింది. చాక్లెట్లు అమ్ముకునేవాళ్ళే ఆ మాట అన్నారంటే ఆఫీసుల్లో అమ్మాయిల మీద బరువు ఎంత పెరిగిందో ఊహించుకోవచ్చు.

అందరికీ ఏదో ఒకటి ఇవ్వక తప్పనప్పుడు, ఇచ్చిన దానిలో జవాబు వెతుక్కోవడం మొదలైంది. చప్పరించే బిళ్ళ నోట్లో చాలాసేపు నిలుస్తుంది కాబట్టి ఇష్టమే అని అర్థం. బిస్కెట్ అయితే స్నేహితులుగా ఉందామని. మార్ష్‌మెలో? నోట్లో పెట్టగానే కరిగి మాయమవుతుంది కాబట్టి, నువ్వంటే ఇష్టం లేదని! ఏ మిఠాయితో ఈ రోజు పుట్టిందో దానికే ఈ గతి పట్టింది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. 1978లో హకాతా వాళ్ళు చేసిన మార్ష్‌మెలో కరిగాక, అమ్మాయి ఇచ్చిన చాక్లెట్ లోపల భద్రంగా ఉండేది. మార్చి 14న మార్ష్‌మెలో పొట్లం అందుకుని ఏ పిల్లయినా మొహం చిన్నబుచ్చుకుంటే, ఈ సంగతి ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.