చూడని దేశానికి తీర్పరి

జేమ్స్ మిల్ ఇండియాకి ఒక్కసారి కూడా రాలేదు. ఇక్కడి భాష ఒక్కటీ నేర్చుకోలేదు. 1806లో మొదలుపెట్టి, లండన్‌లోనే కూర్చుని బ్రిటిష్ ఇండియా చరిత్ర రాశాడు. 1817 నాటికి అది మూడు పెద్ద సంపుటాలైంది. చూడని దేశం గురించి పుస్తకాలు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఇంతవరకు వింతేమీ లేదు. వింతంతా ఆయన ముందుమాటలో ఉంది. ఇండియా చూడకపోవడం, భాషలు రాకపోవడం తనకి లోపం కాదనీ, నిజానికి అదొక అర్హత అనీ అక్కడ వాదిస్తాడు.

ఆ వాదన ఇలా సాగుతుంది. ఇండియా చాలా పెద్దది. ఎంతకాలం ఉన్నా ఒక మనిషి తన కళ్లతో చూడగలిగేది అందులో ఓ మూల మాత్రమే. మిగతాదంతా ఎలాగూ ఇంకొకరు చెప్పగా తెలుసుకోవాల్సిందే. అలాంటప్పుడు అందరి మాటలూ కాగితం మీద తెప్పించుకుని, ఒకదానితో ఒకటి పోల్చి, నిదానంగా బేరీజు వేసేవాడికే దేశం మొత్తం అర్థమవుతుంది. నేరం జరిగినప్పుడు జడ్జి అక్కడ లేడు, అయినా సాక్షుల మాటలు విని తీర్పు చెప్పడం లేదా అంటాడు. ఇండియాలో జీవితమంతా గడిపినవాడి కంటే, ఇంగ్లండ్‌లో తన గదిలో ఒక్క ఏడాది శ్రద్ధగా చదివినవాడికే ఎక్కువ తెలుస్తుందని ఆయన లెక్క.

నవ్వి తీసిపారేయాల్సిన వాదన కాదిది. కంపెనీ ఉద్యోగుల్లో చాలామందికి ఇండియా అంటే కచేరీ, బంగళా, దుబాసీ చెప్పిన నాలుగు ముక్కలు. వాళ్లూ ఇంటికెళ్లి 'మేం ఇండియా చూశాం' అనేవాళ్లే. నాలుగు రోజుల టూర్ చేసొచ్చి ఒక దేశం మనస్తత్వం మీద అరగంట వీడియో పెట్టేవాళ్లని చూస్తున్న మనకి మిల్ విసుగు బాగానే అర్థమవుతుంది. చూసినంత మాత్రాన తెలిసినట్టు కాదు.

చిక్కల్లా ఆ జడ్జి పోలికలోనే ఉంది. జడ్జి సాక్షిని ఎదురు ప్రశ్న వేయగలడు. మిల్ సాక్షులు కాగితాలు. అవీ ఇంగ్లీషులోకి వచ్చినవి, లేదా యూరోపియన్లు రాసినవి. ఏవి అనువాదం కావాలో అంతకు ముందే ఇంకెవరో తేల్చేశారు. ఉదాహరణకి, విలియం జోన్స్ మనుధర్మశాస్త్రాన్ని 1794లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. మనుషులు ఎలా బతకాలో కొందరు రాసుకున్న పుస్తకం అది. మిల్ దాన్ని మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పే సాక్ష్యంగా తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. డాక్యుమెంట్‌లో రాసింది ఒకటి, సర్వర్ మీద నడిచేది ఇంకొకటి.

ఆ పుస్తకం అలమరలో ఉండిపోతే ఇంత చర్చ అక్కర్లేదు. దాని బలంతోనే మిల్ 1819లో కంపెనీ లండన్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. ఇండియాకి వెళ్లే ఉత్తరాల చిత్తుప్రతులు తయారుచేసే విభాగం అది. 1830కల్లా దానికి అధిపతి అయ్యాడు. 1833లో మెకాలే పార్లమెంటులో ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తాడు. కంపెనీ ఉద్యోగాలకి కుర్రాళ్లని తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో అది పాఠ్యపుస్తకంగా చలామణీ అయింది. అంటే, ఇంకా ఇండియా చూడని కుర్రాళ్లు, ఎప్పుడూ ఇండియా చూడని మనిషి రాసింది చదువుకుని, ఇక్కడికి వచ్చి శిస్తులు వసూలు చేశారు, తీర్పులు చెప్పారు.

అదే రోజుల్లో మద్రాసులో ఇంకో రకం పని నడుస్తోంది. 1816లో ఎ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక వ్యాసం జోడించాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. 'హిందువులు' అని ఒకే గాటన కట్టి తీర్పు చెప్పే చరిత్రకి ఇలాంటి తేడాలతో పనిలేదు. లండన్ గదిలో ఇవి బయటపడవు కూడా. ఎల్లిస్ వెనక పట్టాభిరామశాస్త్రి లాంటి పండితులున్నారు. అడిగితే చెప్పేవాళ్లు, తప్పైతే కాదనేవాళ్లు.

1817 ఆగస్టులో సి. పి. బ్రౌన్ మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. పుట్టింది కలకత్తాలో, ఉద్యోగానికి తయారైంది హెయిలీబరీలో. ఇక్కడికొచ్చాక వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. ఆ తర్వాత, ఫ్రెంచి మతగురువు ఆబే దుబోయ్ ఇండియా గురించి రాసిన పుస్తకంలో వేమన పేరు కనబడింది. అదీ ఒక యూరోపియన్ రాసిన పుస్తకమే, మిల్ నమ్ముకున్న లాంటి సరుకే. బ్రౌన్ అక్కడితో పుస్తకం మూసేయలేదు. తాళపత్రాలు తెప్పించాడు, పాఠాలు పోల్చాడు, కడప బంగళాలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకున్నాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆయనా కంపెనీ మనిషే, ఆయనకీ తన అభిప్రాయాలున్నాయి. కాకపోతే వాటిని సరిదిద్దగల మనుషులు అదే గదిలో కూర్చుని ఉండేవారు.

మిల్‌ని సరిదిద్దే ప్రయత్నమూ జరిగింది. కలకత్తాలో రెండు దశాబ్దాలకు పైగా ఉండి, సంస్కృత నిఘంటువు కూర్చిన హెచ్. హెచ్. విల్సన్ 1840 నుంచి మిల్ చరిత్రకి కొత్త ముద్రణ తెచ్చాడు. పేజీ పేజీకీ కింద ఫుట్‌నోట్లలో మిల్‌తో పోట్లాడాడు. పాపం, పైన పెద్ద అక్షరాల్లో మిల్ తీర్పు అలాగే ఉంది. కింద చిన్న అక్షరాల్లో విల్సన్ అభ్యంతరం. పరీక్షకి చదివే కుర్రాడు ఏది గుర్తుపెట్టుకుంటాడో చెప్పక్కర్లేదు.

మిల్ 1836లో పోయాడు. అదే ఏడాది మద్రాసులో ఏనుగుల వీరాస్వామయ్య కూడా పోయాడు. ఈయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన మనిషి. 1830 మేలో బయల్దేరి కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిపొడుగునా రాసుకున్నది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించాడు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ వస్తువులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, ఏ ఊరివాళ్ల ఆచారమేమిటి, అన్నీ ఉంటాయి. ఈయనకీ ఇష్టాయిష్టాలున్నాయి, కులం పట్టింపులున్నాయి. కానీ ఆ వాక్యాలు తన వెనక అదే దారిన వెళ్లబోయే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ మనిషి వెళ్లి చూస్తాడు, ఉన్నది ఉన్నట్టు రాశాడో లేదో తేల్చేస్తాడు.

వెళ్లే ముందు చదవడం ఎంత అవసరమో మిల్ చెప్పినదాంట్లో నాకు పేచీ లేదు. పెద్ద దేశాన్ని ఎవరమైనా ముందు కాగితం మీదే కలుస్తాం. అయితే కొన్ని పుస్తకాలు అక్కడికెళ్లి ఎవర్ని ఏమడగాలో నేర్పుతాయి. కొన్ని, ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదనే ధైర్యం ఇస్తాయి. హెయిలీబరీ కుర్రాళ్ల చేతికి అందింది ఆ రెండో రకం.