సీడెడ్ అంటే ఏంటి అబ్బా?

మొన్న జుమా నమాజు అయ్యాక అందరం దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాం. మా చిన్నోడు ఫోన్లో ఏదో కొత్త సినిమా వసూళ్లు చదువుతున్నాడు. నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత, ఆంధ్రలో ఇంత అని. ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు: "అబ్బా, నైజాం అంటే తెలుసు. ఈ సీడెడ్ అంటే ఏంటి? మన కడపను ఎందుకట్లా అంటారు?"

"దాని జవాబు శ్రీరంగపట్నంలో ఉంది బేటా" అన్నాను.

ఆ పేరు వినగానే మా అమ్మీ అందుకుంది. "మీర్ సాదిఖ్ గద్దారీ చేయకపోయుంటే టిప్పు సుల్తాన్‌ను ఎవరు ఓడించగలిగేవాళ్లు?" అంది. చిన్నప్పుడు మా దాదీ కూడా ఇదే మాట చెప్పేది. 1799 మే 4 మధ్యాహ్నం ఖిలా గోడకు గండి పడిన చోట కాపలా ఉన్న సిపాయిలను జీతాలు ఇస్తానని మీర్ సాదిఖ్ పక్కకు పిలిచాడు, ఆ అదను చూసి ఇంగ్లీషోళ్లు లోపలికి దూరారు. మన ఇళ్లల్లో తరాలుగా చెప్పుకుంటున్న ఖిస్సా ఇది. అల్లామా ఇక్బాల్ కూడా బెంగాల్ మీర్ జాఫర్‌నూ దక్కన్ మీర్ సాదిఖ్‌నూ ఒకే తాడుకు కట్టి పెట్టాడు.

ఈ ఖిస్సాను నేను కాదనడం లేదు. నా సవాల్ వేరే. ఆ రోజుకు కంపెనీ ఫౌజు ఆ గోడ దాకా ఎట్లా రాగలిగింది? అంతకు ముందు ముప్పై ఏళ్లలో మైసూరుతో మూడు జంగులు చేసింది కంపెనీ. మొదటి జంగులో 1769లో హైదర్ అలీ మద్రాసు గుమ్మం దాకా వచ్చి తన షరతుల మీద సులహ్ రాయించుకున్నాడు. అలాంటి సుల్తనత్ ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క మనిషి వల్ల కూలిపోయిందా? తారీఖ్ వరకలు తిప్పితే నాకు కనిపించేది వేరు. ఆ గండి ఫిరంగి గుండుతో పడింది కాదు. ఒక్కొక్క ఫైసలాతో పడుతూ వచ్చింది.

మొదటిది 1780. హైదర్, నిజాం, మరాఠాలు ముగ్గురూ కంపెనీకి వ్యతిరేకంగా చేతులు కలిపిన ఏడాది. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు కలిసి కర్నల్ బైలీ దళాన్ని తుడిచిపెట్టారు. కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న జనరల్ మన్రో ఆ వార్త విని, పెద్ద ఫిరంగులను కంచిలో కోనేట్లో పారేసి మద్రాసు వైపు పరుగు తీశాడు. అప్పుడు హైదర్ వెంటపడి ఉంటే? వెంటపడలేదు. ఆర్కాటు ముట్టడికి తిరిగి వెళ్లాడు. ఆర్కాటు దక్కింది, మద్రాసు బతికిపోయింది. మరుసటేడు బెంగాల్ నుంచి వచ్చిన ఐర్ కూట్ పోర్టోనోవోలో హైదర్‌ను ఓడించాడు.

ఈలోగా వారెన్ హేస్టింగ్స్ కత్తితో కాకుండా కలంతో పని కానిచ్చాడు. గుంటూరు సర్కారు తిరిగి ఇస్తామని నిజాంను పక్కకు తప్పించాడు. 1782లో సాల్బాయి ఒడంబడికతో మరాఠాలతో సులహ్ చేసుకున్నాడు. హైదర్ ఒంటరి అయ్యాడు. ఆ డిసెంబర్లోనే మన చిత్తూరు దగ్గర ఛావునీలో కన్ను మూశాడు.

రెండోది టిప్పు చేసిన తప్పు. ఇది చెప్తే మనవాళ్లలో కొందరికి నచ్చదు. కానీ ముహాసబా అంటే మనకు ఇష్టమైనవాళ్ల ఖాతా కూడా తెరవడమే కదా. 1786లో టిప్పు ఆదోని మీద పడ్డాడు. అక్కడ ఉన్నది నిజాం సొంత ఖాందాన్. ఖిలా గోడలు పడగొట్టించాడు. మరుసటేడు సులహ్‌లో ఆదోనిని తిరిగి ఇచ్చేశాడు. ఊరు తిరిగి ఇచ్చినా, హైదరాబాద్ గుండెలో పడిన ఖౌఫ్ పోతుందా? 1789 చివర తిరువాన్కూరు కోట గోడ మీద దాడి చేశాడు. ఆ రాజ్యం కంపెనీకి దోస్తు. కార్న్‌వాలిస్‌కు కావాల్సిన సాకు దొరికింది. 1790లో నిజాం, మరాఠాలు ఇద్దరూ కంపెనీతో అహద్‌నామాలు రాసుకున్నారు. పదేళ్ల కింద మైసూరు వైపు ఉన్నవాళ్లే!

1791 వేసవిలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వచ్చాడు గానీ, ఎడ్లు చచ్చి, తిండి లేక, తన ఫిరంగులు తానే పగలగొట్టుకుని వెనక్కి తిరిగాడు. అప్పుడు ఆయన ఫౌజుకు తిండి ఇచ్చి ఆదుకున్నది మరాఠాలు. మరుసటేడు మళ్లీ వచ్చాడు. టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకోవాల్సి వచ్చింది. అవి చెల్లేదాకా ఇద్దరు కొడుకులను జామీనుగా పంపాడు. కడప ఆ పంపకంలోనే నిజాంకు పోయింది. టిప్పు తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా కడప ఖిలాదార్ కూతురు. అంటే సుల్తాన్ తన నానిహాల్‌నే పోగొట్టుకున్నాడు.

ఇక అసలు మలుపు 1798. అది జంగ్ మైదానంలో కాదు, హైదరాబాద్‌లో జరిగింది.

నిజాం అలీ ఖాన్ వైపు నుంచి కూడా చూడాలి. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఆయన ఓడిపోయాడు. దోస్తు అనుకున్న కంపెనీ చేతులు కట్టుకుని చూసింది. దీవాన్ అరస్తూ జాను మరాఠాలు జామీనుగా పుణె తీసుకుపోయారు. ఆ కోపంతో నిజాం ఇంగ్లీషు పటాలాలను పంపేసి, ఫ్రెంచివాడైన రేమండ్ ఫౌజును పెంచాడు. మన హైదరాబాద్ మూసారాంబాగ్‌కు ఆ పేరు వచ్చింది ఈ రేమండ్ నుంచే. పదివేలకు పైబడిన కవాతు ఫౌజు అది. అది ఉన్నంత కాలం కంపెనీ మైసూరు మీదికి ధైర్యంగా కదల్లేదు, వెనక హైదరాబాద్ ఏం చేస్తుందో అన్న భయం.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ ఏడాదే టిప్పు రహస్యంగా పంపిన వకీళ్ల సంగతిని మారిషస్ ఫ్రెంచి గవర్నర్ బహిరంగంగా ఇష్తిహార్ వేసేశాడు, ఇంగ్లీషోళ్ల మీద జంగుకు వలంటీర్లు కావాలని. వచ్చింది సుమారు వంద మంది. రాజ్ మాత్రం కలకత్తా దాకా పాకింది. కొత్తగా దిగిన గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అంతకంటే ఏం కావాలి?

సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో అహద్‌నామా మీద దస్తఖత్‌లు పడ్డాయి. ఫ్రెంచి ఫౌజును రద్దు చేయాలి, కంపెనీ ఆరు పటాలాలను ఉంచుకోవాలి, ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. అక్టోబర్ 22న కంపెనీ ఫౌజు ఫ్రెంచి ఛావునీని చుట్టుముట్టింది. జీతాలు బకాయిపడి సిపాయిలు అప్పటికే తమ అఫ్సర్ల మీద తిరగబడి ఉన్నారు. బకాయిలు ఇస్తామనగానే హతియార్లు కింద పెట్టేశారు. చుక్క నెత్తురు చిందలేదు. నా లెక్కలో శ్రీరంగపట్నం ఓడిపోయింది ఆ రోజే.

ఆగస్టులోనే నైలు దగ్గర నెల్సన్ ఫ్రెంచి నావికాదళాన్ని ధ్వంసం చేశాడు. ఈజిప్టులో ఉన్న నెపోలియన్ టిప్పుకు రాసిన ఖత్ దారిలోనే ఇంగ్లీషోళ్లకు చిక్కింది. ఆ దర్వాజా కూడా మూసుకుపోయింది.

1799 ఫిబ్రవరిలో జనరల్ హారిస్ వెల్లూరు నుంచి కదిలాడు. పక్కన మీర్ ఆలం నాయకత్వంలో సుమారు 16 వేల నిజాం ఫౌజు. హైదరాబాద్‌లో మీర్ ఆలం చెరువు ఈయన పేరు మీదిదే. ఆ ఫౌజుల వెంట ఎడ్ల మీద ధాన్యం మోసుకుంటూ బంజారాలు. హారిస్ వచ్చే దారిలో టిప్పు గడ్డి తగలబెట్టించాడు. హారిస్ దారి మార్చి సోసలె దగ్గర కావేరి దాటాడు. అయినా ఏప్రిల్ చివరికి కంపెనీ గోదాముల్లో బియ్యం అడుగంటాయి. ఇంకొన్ని వారాలు ఖిలా నిలిచి వానలు పడి ఉంటే, సిపాయిలు నడిచి దాటిన ఆ నది నిండుగా పారేది. మే 4న ఆ టైము అయిపోయింది. సుల్తాన్ చేతిలో తల్వార్‌తోనే షహీద్ అయ్యాడు.

మరి నిజాంకు దక్కిందేంటి? పంపకంలో గుత్తి, గుర్రంకొండ లాంటి ఇలాఖాలు వచ్చాయి. ఏడాదిన్నర తిరగలేదు. 1800 అక్టోబర్ 12న కంపెనీ ఫౌజు ఖర్చు కింద, 1792లో వచ్చినవీ 1799లో వచ్చినవీ అన్నీ ఆ కంపెనీకే రాసిచ్చేశాడు. కడప, బళ్లారి, ఇప్పటి అనంతపురం వైపు నేలలు. తెలుగులో వీటిని దత్త మండలాలు అన్నారు. ఇంగ్లీషులో సీడెడ్, అంటే అప్పగించేసినవి. 1928లో రాయలసీమ అనే పేరు వచ్చింది. సినిమావాళ్ల నోట్లో మాత్రం ఆ పాత దస్తావేజు మాటే ఇప్పటికీ మిగిలిపోయింది.

చిన్నోడు అంతా విని, "అయితే తప్పు నిజాందా, టిప్పుదా?" అన్నాడు.

"ఇద్దరివీ రాసుకో. కోనేట్లో ఫిరంగులు పారేసి పారిపోతున్నవాణ్ని వదిలేయడం రాసుకో. ఆదోని రాసుకో. ఖర్దా రాసుకో. పక్కింటివాడి భయంతో దూరపువాణ్ని ఇంట్లోకి పిలవడం రాసుకో."

"మీర్ సాదిఖ్‌ను మాత్రం వదలొద్దు" అంది అమ్మీ.

"వదలను అమ్మీ" అన్నాను. "కానీ ఆయన పేరు ఆఖర్న రాయిస్తా."